గుమ్మడికాయల వాన

మొన్న పొద్దున ఫోను బల్ల మీద గడగడలాడి పెద్దగా కూత పెట్టింది. చేతిలో కాఫీ గ్లాసు జారిపోయినంత పనయింది. ఏం కొంప మునిగిందో అని చూస్తే తుఫాను హెచ్చరిక. పెన్న ఒడ్డున ఉండేవాళ్ళు జాగ్రత్తగా ఉండాలట, సోమశిల గేట్లు ఎత్తుతారట, సంగం వైపు బస్సులు ఆగినా ఆగుతాయట. అంతా చదివి కళ్ళజోడు తీసేశాక, తుఫాను పేరు చూడలేదని గుర్తొచ్చింది. మళ్ళీ పెట్టుకొని చూశాను. ఏదో పేరు. మన పేరు కాదు. రెండుసార్లు అన్నా నోరు తిరగలేదు.

నేనుండేది ఆత్మకూరులో, ఒక ఇంటి వెనక పోర్షన్లో. మా ఆయన పోయినాక ఇటు మారాను. పిల్లలు లేరు. ముందు పోర్షన్లో ఒక అమ్మాయి మిషన్ కుడుతుంది. గోడ అవతలి నుంచే అరిచింది.

"పెద్దమ్మా, ఈ తుఫానుకు పేరేందో చూసినావా? మా ఆయన చెప్తుండాడు, అదేదో పువ్వు పేరంట."

"పువ్వో కాయో, నా మిద్దె కారకుండా ఉంటే చాలు పో," అన్నాను.

నవ్వింది. నా మాటలంటే ఆ పిల్లకు సరదా. ఆమె మిషన్ చప్పుడు మళ్ళీ మొదలైంది. నేను ఫోను పట్టుకొని కూర్చున్నాను. ఇట్లాంటి కబురొస్తే జనం ఎవరికో ఒకరికి ఫోను చేసి, జాగ్రత్త, బయటికి పోవద్దు అని చెప్తారు. నేను ఎవరికి చెయ్యాలో ఎంత ఆలోచించినా తెలియలేదు. అయినవాళ్ళు అనుకున్నవాళ్ళందరూ ఈ వానకు తడవని చోటికి వెళ్ళిపోయారు.

ఈ పేర్ల సంగతి నాకు తెలుసు. అంగన్‌వాడీలో పనిచేసి రిటైరయినదాన్ని, పేపరు అక్షరం వదలకుండా చదివే జబ్బు ఉంది. మన సముద్రాల చుట్టూ ఉండే దేశాలన్నీ కలిసి తలా కొన్ని పేర్లు ముందే ఇచ్చి పెట్టుకున్నాయి. వాయుగుండం ముదిరి గాలి ఒక వేగం దాటిందంటే దానికి పేరు పెట్టేస్తారు. ఏ దేశం వంతు వస్తే ఆ దేశం ఇచ్చిన పేరు. మనవాళ్ళిచ్చిన పేరుతో పుట్టింది పోయి ఇంకెవరి నెత్తినో పడొచ్చు. ఎక్కడో ఎడారి దేశం వాళ్ళు ముచ్చటపడి ఇచ్చిన పేరు వచ్చి మన వరి మడిని ముంచొచ్చు. ఒకసారి వాడింది మళ్ళీ వాడరు. పేరు పొట్టిగా ఉండాలి, పలకడానికి సులువుగా ఉండాలి, ఎవరి మనసూ నొప్పించగూడదు. అదీ నియమం. మొదటిసారి అది చదివినప్పుడు ఆ చివరి మాట దగ్గర ఆగిపోయి, పేపరు మడిచి పక్కన పెట్టేశాను.

మా ఊళ్ళో పద్ధతి దీనికి పూర్తిగా తలకిందులు. వాన వచ్చి, ముంచి, వెళ్ళిపోయినాకే దానికి పేరు. పోతూ పోతూ ఏం తీసుకుపోయిందో చూసి పెట్టే పేరు.

మా ఊరంటే ఊరు కూడా కాదు. ఉదయగిరి కొండకు ఇవతల, వాగు గట్టున, గొర్రెలు మేపుకునేవాళ్ళ ఇండ్లు కొన్ని. బోదగడ్డి కప్పులు, మట్టిగోడలు. ఏ ఇంట్లోకి పోయినా గొర్రె పిల్లల వాసన, పాల వాసన, పొగ వాసన కలిసి ఒకటే వాసన. పెళ్ళయి ఆత్మకూరు వచ్చిన కొత్తలో ఆ వాసన లేక నాకు నిద్ర పట్టేది కాదు. ఆ మాట చెప్తే మా ఆయన వినరానిది విన్నట్టు చూశాడు.

మా ఇండ్లలో క్యాలెండరు ఉండేది కాదు. పుట్టిన తేదీలు ఎవరికీ తెలియవు. అన్నీ వానల లెక్కే. 'వాడు చింతమాను వానకు పాకతా ఉన్నాడు', 'దాని పెళ్ళి కట్ట తెగిన వానకు ముందేడు అయింది', ఇట్లా. అందుకని పెద్ద గాలివాన ఏదొచ్చినా దానికి ఒక పేరు ఉండి తీరాలి. లేకపోతే ఆ ఏడు పుట్టినవాళ్ళకు వయసే లేకుండా పోతుంది. ఆ పేరు పెట్టే అధికారం మంత్రసానవ్వది. ఊళ్ళో పిల్లలందరినీ చేతుల్లో పట్టుకున్నది ఆమే గనక, వయసుల లెక్క ఆమెకే అప్పజెప్పారు. పొట్టి మనిషి. పొగాకు నములుతూ, కోపం లేకపోయినా కోపంగా మాట్లాడేది.

ఆమె పేరు పెట్టడానికీ ఒక వరస ఉండేది. వాన మనిషిని తీసుకుపోతే మనిషి పేరు. మనిషి పోకపోతే గొడ్డో గొర్రో పోయిందాని పేరు. అదీ లేకపోతే పడిపోయిన మాను పేరు, తెగిన కట్ట పేరు. ఇంటి కప్పులు ఆరేదాకా ఆగి, నష్టమంతా తెలిసినాక, బావి దగ్గర ఆడవాళ్ళు నీళ్ళు తోడుకునే వేళకు వచ్చి ఒక్కసారి చెప్పేది. ఇక అంతే. ఒక వానకు ఒకే పేరు. పెట్టింది మార్చడమన్నది లేదు.

నేను పుట్టకముందు ఒక వానకు గాజుల తాత పేరు పెట్టారు. ఉదయగిరి నుంచి గాజుల మలారం భుజాన వేసుకొని వచ్చే ముసలాయన, వాగు దాటుతూ కొట్టుకుపోయాడు. ఆయన అసలు పేరు ఊళ్ళో ఎవరికీ తెలియదు. అయినా గాజుల తాత వాన అనేసరికి, ఆయనను చూడని నాకు కూడా ఆయన తెలుసు. పచ్చగాజులు తక్కువకిచ్చేవాడని తెలుసు. పసిబిడ్డ చేతికి గాజు ఎక్కిస్తూ పాట పాడేవాడని తెలుసు. ఎవరి వయసు చెప్పుకోవాలన్నా ఆయన పేరు వచ్చేది, ఆయన పేరు రాగానే ఎవరో ఒకరు ఆయన మాట ఒకటి చెప్పేవాళ్ళు. కన్నవాళ్ళెవరో తెలియని మనిషిని మా ఊరు అట్లా పెట్టుకుంది.

ఇప్పుడు చెప్పబోయే వాన కార్తీకంలో వచ్చింది. నేను అప్పటికి చిన్నదాన్నే, లంగా ఎగ్గట్టుకొని వాగులో చేపపిల్లలు పట్టే వయసు.

కార్తీకంలో కింద చేలన్నీ పైరు మీద ఉంటాయి. గొర్రె నోరు పెడితే తగాదా. అందుకని మగవాళ్ళు మందలను తోలుకొని కొండ మీదికి పోయేవాళ్ళు. మా నాయన, చిన్నాయన ఒక జట్టు. వారానికో, ఇంకా ముందో, పిండి అయిపోతే నాయన కిందికి దిగొచ్చేవాడు. ఆయన వచ్చేది ముందు వాసనతో తెలిసేది. కొండ మీద సీతాఫలాల కాలం అది. కప్పుకునే గొర్రెబొచ్చు కంబడిలో మూటగట్టి తెచ్చేవాడు. పచ్చివాటిని అవ్వ జొన్నల కుండలో పూడ్చేది. నేను గంటకొకసారి చెయ్యి పెట్టి, మెత్తబడిందా లేదా అని ప్రతి కాయనూ నొక్కి చూసేదాన్ని. అన్నిటి మీదా నా వేలి గుంటలే.

"ఏమే, కాయలా ఇవి, నీ ముక్కా? ఇట్టా నొక్కతాండావు!" అని అవ్వ కేకలేసేది. అవ్వంటే నాయన తల్లి.

"నొక్కనీలేమ్మా. నొక్కితే తొందరగా పండుతాయిలే," అనేవాడు నాయన. అది అబద్ధమని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. నొక్కిన కాయ నల్లబడి పాడవుతుంది. పాడయినవాటిని ఆయనే తిని, బాగున్నవి నాకు పెట్టేవాడు.

ఆ చివరిసారి పోయేటప్పుడు అమ్మ జొన్నపిండి, ఉప్పు, ఎండుమిరపకాయలు కట్టిచ్చింది. నాయన కంబడి భుజాన వేసుకొని ఆకాశం చూశాడు. తూర్పున మబ్బు పట్టి ఉంది.

"రెండు పొద్దులు ఆగి పోగూడదా?" అంది అమ్మ.

"మందను తమ్ముడొక్కడి మీద వదిలి వచ్చినాను గదా. గొర్రెలు ఈనే కాలం," అన్నాడు. నా జడ పట్టుకొని ఒకసారి గుంజి, పోయినాడు. మా మధ్య అదే ముద్దు. నేను ఎప్పటిలాగే చీ అని ఆయన చెయ్యి కొట్టాను.

వాన మరుసటి రోజు పొద్దున మొదలైంది. మధ్యాహ్నానికే చీకటి పడింది. సముద్రం మాకు చాలా దూరం. నేను అప్పటికి చూడనే లేదు. కానీ అక్కడ పుట్టిన గాలి మా దాకా వచ్చి, కొండకు కొట్టుకొని, తిరిగి మా ఇండ్ల మీద పడేది. కప్పు ఎగిరిపోకుండా మోకులు వేసి రాళ్ళు కట్టేవాళ్ళం. రాళ్ళు గోడలకు తగిలి దబదబమని మోగుతున్నాయి. లోపల అవ్వ, అమ్మ, నేను, కుంటి గొర్రె ఒకటి, దాని పిల్ల. పొయ్యి తడిసి రాజుకోలేదు. అవ్వ వేయించిన శనగలు నా ఒడిలో పోసి, పాత వానల కథలు మొదలుపెట్టింది. చింతమాను వాన, గొడ్ల వాన, గాజుల తాత వాన. ఆమెకు అన్నీ వరసగా వచ్చు.

"మరి దీని పేరేందవ్వా?" అన్నాను.

అమ్మ నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది.

"నోర్మూసుకొని తిను," అంది అమ్మ.

ఎందుకు తిట్టిందో అర్థం కాలేదు. నాకు కోపం వచ్చి శనగలన్నీ గొర్రెపిల్లకు పెట్టాను.

మరుసటి పొద్దున గాలి తగ్గింది. వాగు మాత్రం గట్ల మీదికి వచ్చి ఎర్రగా పారుతోంది. పిల్లలమంతా ఒడ్డుకు పరిగెత్తాం. అప్పుడు చూశాం, నీళ్ళలో గుమ్మడికాయలు. ఒకటి కాదు, రెండు కాదు. పైన ఎవరి చేలల్లోంచి తెగి వచ్చాయో, మునుగుతూ తేలుతూ, ఒకదాన్నొకటి తోసుకుంటూ వస్తున్నాయి. పెద్దవాళ్ళు దోటీలు తెచ్చి లాగారు. ఒకాయన మోకు నడుముకు కట్టుకొని దిగి, ఒక పెద్ద కాయను కావలించుకొని, దానితోపాటు కొంతదూరం కొట్టుకుపోయి ఒడ్డున పడ్డాడు. పడి కూడా కాయను వదల్లేదు. అంతా పడీపడీ నవ్వారు. రాత్రంతా వణికిన జనం గదా, నవ్వు వస్తే ఆగలేదు. నేనూ ఒక కాయను లాగాను. అది నాకంటే బరువు. దాన్ని ఇంటి దాకా దొర్లించుకుంటూ పోయాను.

నీళ్ళకని అమ్మ నన్ను బావికి పంపింది. అక్కడ ఇద్దరు ఆడవాళ్ళు మాట్లాడుకుంటున్నారు. నేను వెనకున్న సంగతి వాళ్ళు చూసుకోలేదు.

"కొండకు పోయినోళ్ళు ఒక్కరూ దిగలా ఇంకా."

"మంత్రసానవ్వ అందుకే పేరు పెట్టకుండా కాచుకోనుండాది. వాగు దాటే కాడ ఏమయిందో ఏమో."

బిందె నా చేతిలో అట్లాగే ఉండిపోయింది. అమ్మ ఎందుకు తిట్టిందో అప్పుడు అర్థమయింది. మనిషి పోతే మనిషి పేరు. మంత్రసానవ్వ పేరు కోసం కాచుకొని ఉంది. అంటే మా నాయన కోసం కాచుకొని ఉంది. అట్లా అనుకున్నాను నేను.

చిన్నపిల్లల బుర్ర ఎట్లా నడుస్తుందో పెద్దయ్యాక చెప్పడం కష్టం. నాకు ఒకటే తట్టింది. ఒక వానకు ఒకే పేరు. పెట్టింది మార్చడమన్నది లేదు. మరైతే ముందే ఇంకేదో పేరు పెట్టేస్తే? పేరు ఉన్న వానకు ఇంక మా నాయన పేరు అక్కరలేదు గదా. పేరు అక్కరలేకపోతే నాయనతో దానికేం పని? వదిలేస్తుంది. నాయన దిగొస్తాడు.

బిందె అక్కడే వదిలేసి పరిగెత్తాను. వాగు ఒడ్డున పిల్లలు ఇంకా కాయల కోసం అరుస్తున్నారు. నేను మధ్యలోకి పోయి గొంతు చించుకున్నాను.

"గుమ్మడికాయల వానోయ్! గుమ్మడికాయల వాన!"

పిల్లలకు ఎవరన్నా ఒకటి మొదలుపెడితే చాలు. పది నోళ్ళు కలిశాయి. అరుస్తూ ఇండ్ల మధ్య తిరిగాం. నేను ప్రతి గడప దగ్గరా ఆగి, లోపల ఎవరుంటే వాళ్ళకు, "గుమ్మడికాయల వాన పెద్దమ్మా", "గుమ్మడికాయల వాన తాతా" అని చెప్పి మరీ కదిలాను. ఒకామె కాయ కోస్తూ, "అవునే, మంచి పేరే!" అని నవ్వింది. ఆ మాటకు నాకు సగం ప్రాణం వచ్చింది. ఇంకో ఇంటికి పరిగెత్తాను.

మంత్రసానవ్వ ఇంటి ముందు మాత్రం నా అరుపు ఆగిపోయింది. ఆమె అరుగు మీద కూర్చొని ఉంది.

"ఎవురే పెట్టింది ఆ పేరు?"

మిగతా పిల్లలు మాయమైపోయారు. "నేనే," అన్నాను.

"నువ్వు ఎవురే పెట్టేదానికి? మంత్రసానివా?"

"వాన ఇంకేం తీసుకోలేదు గదా అవ్వా. కాయలే. కాయలే తీసుకునింది. ఇంకేం లేదు. అదే పేరు పెట్టవ్వా. ఇప్పుడే పెట్టవ్వా." చెప్తూ చెప్తూ ఏడ్చేశాను.

ఆమె నన్ను కిందినుంచి పైదాకా చూసింది. తిడుతుందనుకున్నాను. దగ్గరికి పిలిచి, కొంగుతో నా ముక్కు గట్టిగా తుడిచింది. "కాళ్ళు చూడు, ఎట్టా బురదయినాయో. పో, ఇంటికి పో. మీ అమ్మ ఒక్కతే ఉంటాది," అంది.

ఆ రోజు ఊరంతా గుమ్మడికాయ పులుసు వాసన. చింతపండు, బెల్లం వేసి, మెంతులు తాలింపు పెట్టిన పులుసు. గింజలు పెంకు మీద వేయించుకున్నారు. అమ్మ కూడా వండింది. నాకూ అవ్వకూ పెట్టింది. తాను తినలేదు. వాకిట్లో నిలబడి కొండ వైపు చూస్తూ ఉండిపోయింది. నేను మూడుసార్లు పెట్టించుకొని తిన్నాను. అంత రుచి మళ్ళీ నోటికి తగల్లేదు. ఆ మాట చెప్పడానికి సిగ్గుగా ఉంటుంది, కానీ నిజం.

మరుసటి రోజు మంద దిగింది. ముందు పొట్టేలు, వెనక సగం గొర్రెలు, అన్నిటికంటే వెనక చిన్నాయన. ఒక్కడే. నేను ఎదురు పరిగెత్తాను. ఆయన నన్ను చూసి దారిలోనే కూలబడ్డాడు.

కొండ మలుపులో వాగు పాయ ఒకటి ఉంది. మందను దాటించేశారు. గొర్రెపిల్లలు కొన్ని అవతల గట్టున ఉండిపోయి అరుస్తుంటే నాయన మళ్ళీ దిగాడు. ఒకదాన్ని ఇవతలికి విసిరాడు. ఇంకోదాన్ని చంకలో పెట్టుకొని వస్తూ కాలు జారాడు. చిన్నాయన చెప్పింది అంతే. నాయన కింద ఎక్కడో కంపచెట్లలో దొరికాడు. తీసుకొచ్చినప్పుడు నన్ను చూడనివ్వలేదు. అమ్మ నా మొహం తన కడుపులో దాచి పట్టుకుంది. ఆమె ఏడవడం నాకు వినపడలేదు, కడుపు కదలడం తెలిసింది.

పెద్దకర్మ అయినాక మంత్రసానవ్వ మా ఇంటికి వచ్చింది. గడప దగ్గర కూర్చుంది. మనిషి పేరు పెట్టాల్సి వస్తే ఇంటివాళ్ళను అడిగి పెట్టడం ఆచారం.

"అడగాల్సిన మాట ఒకటుండాదమ్మా," అంది అమ్మతో. "వానకు నేనింకా పేరు చెప్పలా. పిలకాయలు ఏందో అంటాండారు, అది పేరు గాదు. మనిషి పోయినాడు, మనిషి పేరే పెట్టాల. మీరు ఊ అంటే రేపు బావికాడ చెప్తా."

"పెట్టు," అంది అవ్వ వెంటనే. "నా కొడుకు పేరే పెట్టు. నేను పోయినా ఆ పేరుండాల. ఈ ఊరుండేదాకా ఉండాల."

అమ్మ నా వైపు చూసింది. నేను గుంజను పట్టుకొని నిలబడి ఉన్నాను. బయట చిన్న తుంపర మొదలయింది. ఆ రోజుల్లో చినుకు పడితే చాలు నేను గుంజను వాటేసుకొని వదిలేదాన్ని కాదు.

"వద్దు," అంది అమ్మ.

"ఏంది వద్దు?"

"పాప పెట్టిన పేరుండాది గదా. అదే ఉండనీ."

"గుమ్మడికాయలా?" అవ్వ లేచి నిలబడింది. "నా కొడుకు పోతే గుమ్మడికాయలా? నువ్వు మనిషివేనా?"

"అత్తా, ఆయన ఎట్నో పోయినాడు. ఇది బతకాల్సిన బిడ్డ. చినుకు పడినప్పుడంతా ఊరోళ్ళు దీని నాయన పేరు చెప్పి, ఆ వాన అట్టా ముంచింది, ఇట్టా ముంచింది అంటాంటే, ఇది యాడికి పోయి చెవులు మూసుకోవాల?"

అవ్వ తన బట్టలు మూటగట్టుకొని ఆ సాయంత్రమే చిన్నాయన ఇంటికి పోయింది. రెండిండ్లకూ మధ్య ఒక దొడ్డి అంతే దూరం. అయినా బతికినన్నాళ్ళూ మా ఇంటి సంగటి మళ్ళీ ముట్టలేదు. నన్ను పిలిచి ఒడిలో కూర్చోబెట్టుకునేది, తల దువ్వేది. అమ్మ పేరెత్తితే లేచిపోయేది.

మంత్రసానవ్వ మరుసటి రోజు బావి దగ్గర చెప్పింది. "గుమ్మడికాయల వాన." ఎవరి మొహమూ చూడకుండా చెప్పి వెళ్ళిపోయింది.

ఆ పేరు భలే నిలబడింది. మిగతా వానల పేర్లు చెప్పుకునేటప్పుడు గొంతు తగ్గించేవాళ్ళు. ఈ పేరుకు మాత్రం నవ్వు వచ్చేది. కొండాపురంలో ఒక పెళ్ళికి పోయాం. కాయను కావలించుకొని కొట్టుకుపోయినాయన పంక్తిలో కూర్చొని, చేతులు తిప్పుతూ ఆ కథ చెప్పాడు. ఆకులు వేసుకున్నవాళ్ళంతా పొట్టలు పట్టుకొని నవ్వారు. అమ్మ పంక్తిలో సాంబారు వడ్డిస్తోంది. గరిటె ఆగలేదు. "ఇంకొంచెం వేసుకోన్నా," అని ఆయన ఆకులోనే ఇంకో గరిటె పోసింది. ఆయన చెడ్డవాడేమీ కాదు. ఆ క్షణానికి ఆయనకు గుర్తు లేదు. గుర్తు చేసేదేదీ ఆ పేరులో లేదు.

వితంతు పింఛను రాసుకోవడానికి ఒకతను మా ఊరొచ్చినప్పుడు నేను కాస్త పెద్దదాన్నయ్యాను.

"మీ ఆయన ఎప్పుడు పోయినాడమ్మా?"

"గుమ్మడికాయల వానలో," అంది అమ్మ.

అతను కలం ఎత్తి నవ్వాడు. "గుమ్మడికాయ తగిలి పోయినాడా ఏంది?"

అమ్మ కొంగు భుజం మీదికి లాక్కుంది. "సరే, ఆయన పేరు?" అన్నాడు. అమ్మ నా వైపు తిరిగింది. ఆ కాలపు ఆడవాళ్ళు భర్త పేరు నోటితో అనరు. నేను చెప్పాను. అతను రాసుకున్నాడు. అతని నవ్వు మీద నాకున్న కోపం ఇప్పటికీ తగ్గలేదు. కానీ అతనికేం తెలుసు? గాజుల తాత వానలో అని ఉంటే నవ్వేవాడు కాదు.

పెద్దయ్యేకొద్దీ నాకు ఒకటి తెలిసొచ్చింది. గాజుల తాత మా ఊళ్ళో బతికే ఉన్నాడు. ఆయన పాట కూడా బతికే ఉంది. మా నాయన లేడు. ఆయన నవ్వు, నల్లబడ్డ సీతాఫలాలు తినడం, ఇవన్నీ నాకూ అమ్మకూ చిన్నాయనకూ మాత్రమే తెలుసు. చిన్నాయన పోయాక ఇద్దరం మిగిలాం. మేమిద్దరమూ ఒకరి దగ్గర ఒకరు ఆ మాట ఎత్తేవాళ్ళం కాదు. నేను బాధపడతానని ఆమె, ఆమె బాధపడుతుందని నేను. అట్లా ఏండ్లు గడిచాయి.

చివరి రోజుల్లో అమ్మను ఆత్మకూరు తెచ్చుకున్నాను. మంచంలోనే ఉండేది. చెవులు మాత్రం చురుగ్గా పనిచేసేవి. ఒక మధ్యాహ్నం వాన పడుతోంది. టీవీలో తుఫాను పేరు పదే పదే చెప్తున్నారు.

"ఏందే ఆ మాట, ఊరికే అదే చెప్తాండారు?"

"తుఫాను పేరమ్మా."

"అప్పుడే పెట్టేసినారా? ఇంకా ఒడ్డుకే రాలేదంటాండారు గదా."

"ఇప్పుడు ముందే పెడతారమ్మా. పేర్లు సిద్ధంగా పెట్టుకోనుంటారు. వరసలో ఏది వస్తే అది."

"ఎవురన్నా పోకముందేనా?"

"ముందే."

అమ్మ కిటికీలోంచి వాన వైపు చూసింది. "మంచిదే. ఎవుర్నీ అడిగే పన్లేదు," అంది. నేను టీవీ ఆపి ఆమె కాళ్ళ మీద దుప్పటి సర్దుతున్నాను.

"ఆ పొద్దు మంత్రసానవ్వ అడిగినప్పుడు నేను ఊ అనుండాల్సింది," అంది.

అన్నేండ్లలో ఆ మాట ఎత్తడం అదే మొదలు. "ఎందుకమ్మా ఇప్పుడది? నా కోసమే గదా వద్దన్నావు. నాకు మంచే జరిగింది."

"నీ కోసమే. ఇప్పుడు అడిగినా నీ కోసం వద్దనే అంటా. నేను చెప్పేది నా సంగతి." మాట కూడదీసుకుంది. "నేనెట్టాగూ అనలేను గదా ఆయన పేరు. ఊ అనుంటే, నేననకపోయినా ఊరు అనేది. బావికాడ అనేది, పెళ్ళిలో అనేది. ఎవురి బిడ్డ వయసు చెప్పినా ముందు ఆయన పేరు చెప్పేది. పొద్దుకొకసారన్నా నా చెవిన పడేది. ఆయన్ని ఒకరు పిలిచినట్టుండేది. ఆ పేరు విని ఎన్నేండ్లయిందో చూడు నాకు."

ఇన్నేండ్లూ పక్కనే ఉన్నాను. పలకగలిగిన నోరు నాదొక్కటే, నేను నాయన అన్నానే గానీ ఆ పేరు ఒక్కసారీ అనలేదు. మంచం పట్టె మీద కూర్చొని, వంగి, అమ్మ చెవి దగ్గర నోరు పెట్టి నాయన పేరు చెప్పాను. ఇంటిపేరుతో సహా చెప్పాను.

అమ్మ కళ్ళు మూసుకొని వింది.

"ఇంకోసారి చెప్పు," అంది.